ఇల్మా రౌతియో బెల్టులో పదో తూటా

మా లోయలో ఎల్క్ పోతును, అంటే గుర్రమంత దుప్పిని, ఒక్క తిట్టుతో చంపిన మనిషి ఒకే ఒక్కరున్నారు. పేరు ఇల్మా రౌతియో. ఆమె వయసు అరవై తొమ్మిది, ఆమె మోకాళ్ళ వయసు తొంభై. తిట్టు పూర్తయ్యేసరికి పోతు నాలుగు కాళ్ళూ చాపుకొని మంచులో పడి ఉంది.

సరే, పోతు ఊపిరితిత్తుల్లో ఒక గుండు కూడా దొరికింది. కోసిన వాళ్ళలో నేనూ ఉన్నాను కనుక కాదనలేను. చిన్నప్పుడు గనుల ఊరైన బ్యూట్‌లో నాకు చదువు చెప్పిన సన్యాసినులు, అబద్ధమాడితే నాలుక నల్లబడుతుందని చెప్పారు. నాది ఇప్పటికీ గులాబీ రంగులోనే ఉంది, కావాలంటే చూసుకోవచ్చు. అందుకని ఆ చావులో సగం వాటా గుండుకు ఇస్తున్నాను. మిగతా సగం తిట్టుదే.

ఇల్మా ముప్పై ఒక్క ఏళ్ళు స్కూలు బస్సు నడిపింది. ఆ బస్సులో పిల్లలు తుమ్మాలన్నా చెయ్యెత్తి అడిగేవారు. కోపం ఆమెకు పొయ్యిలో నిప్పులాంటిది. పడుకునే ముందు బూడిద కప్పి ఉంచుకుని, పొద్దున లేవగానే ఊది రాజేసుకునేది. రోడ్డు మీద మంచు తోసే బండి ఆలస్యంగా వస్తే కోపం. తొందరగా వస్తే తన ఇంటి ముందే గట్టు పోసిపోయిందని కోపం. కాఫీ పల్చనైతే కోపం, చర్చిలో పాట సాగదీస్తే కోపం. ఇవన్నీ చిల్లర కోపాలు. అసలు కోపం నికెల్ మీద.

తూటా పేల్చాక మిగిలే గుల్లను మా వాళ్ళెవరూ పారేయరు. ఇంటికి తెచ్చి, కడిగి, బల్లకు బిగించిన చేతిమరలో నొక్కి ఆకారం సరిచేసి, మళ్ళీ మందు పోసి, మూతికి కొత్త గుండు బిగిస్తారు. ఆ గుల్లలు కొన్ని వట్టి ఇత్తడివి, కొన్ని ఇత్తడి మీద నికెల్ పూత వేసినవి. నికెల్‌ది వెండిలా మెరుస్తుంది, చిలుము పట్టదు, తుపాకి అరలోకి వెన్నలా జారుతుంది. కానీ నాలుగైదు సార్లు నింపేసరికి దాని మెడ చీలుతుంది. ఇత్తడి అంతకు రెట్టింపు సార్లు పనికొస్తుంది. కాకపోతే తోలు బెల్టులో ఉంచితే పచ్చగా చిలుమెక్కి, మొండి గాడిదలా ఎక్కడున్నది అక్కడే కూర్చుంటుంది.

అందుకే మా లోయలో ఒక పద్ధతి ఉంది. వేటకు వెండి, డబ్బాలకు ఇత్తడి. మాంసానికి కొండెక్కేటప్పుడు నికెల్ తూటాలు తీసుకెళ్తాం. పెరట్లో ఖాళీ కాఫీ డబ్బాలు కొట్టి చెయ్యి సాధన చేసుకోవడానికి ఇత్తడివి వాడతాం. ఆ తూటాల్లో మందు తక్కువ పోస్తాం. రంగు చూస్తే చాలు, ఏది ఎందుకో తెలిసిపోతుంది. ఎవరి ఇంటి బల్ల మీద చూసినా ఇదే పద్ధతి.

ఒక్క ఇల్మా ఇంట్లో తిరగబడి ఉండేది.

దానికి కారణం వాళ్ళ నాన్న ఐనో. ఆయన బ్యూట్‌లో రాగి గనిలో పనిచేసేవాడు. గనిలోకి దిగేవాడు తన నంబరున్న ఇత్తడి బిళ్ళను మేకు మీద నుంచి తీసుకుని జేబులో వేసుకోవాలి. పైకొచ్చాక తిరిగి తగిలించాలి. సాయంత్రం మేకు ఖాళీగా ఉందంటే మనిషి ఇంకా కిందనే ఉన్నాడని అర్థం. ఇల్మాకు పదకొండేళ్ళప్పుడు ఒక సాయంత్రం ఆ మేకు ఖాళీగానే ఉండిపోయింది. నెల తిరక్కుండా కంపెనీ వాళ్ళు ఇంటికి ఒక పళ్ళెం పంపారు. ఐనో పేరు చెక్కి, నికెల్ పూత పూసి, అద్దంలా ఉంది. వాళ్ళమ్మ దాన్ని గోడకు మేకు కొట్టి తగిలించింది. రెండేళ్ళు తిరిగేసరికి పూత పొరలుపొరలుగా లేచి, ఐనో పేరులో సగం అక్షరాలు ఊడిపోయాయి. ఇల్మా ఆ పళ్ళేన్ని గోడ మీద నుంచి పీకి, అందులో కోళ్ళకు నూకలు పోసింది.

"ఇత్తడి అబద్ధమాడదు" అనేది. "ముసలిదైతే నల్లబడతది. అలిసిపోతే గీత కనపడతది. ఈ నికెల్ ముండ చచ్చే రోజు దాకా పెళ్ళికూతురులాగే ఉంటది. పైన పటారం, లోన లొటారం."

ఇక ఆమె చెల్లెలు హెల్మి మొగుడు డెల్ ప్రూయిట్. గడ్డి కోతల కాంట్రాక్టరు. పొట్ట ముందు, మనిషి వెనక. నికెల్ అంటే ప్రాణం. బట్టతల కూడా నికెల్ పూత పూసినట్టే ఉంటుందని హెల్మి అనేది. ఇల్మా అరవయ్యో పుట్టినరోజుకు డెల్ ఒక సంచి తెచ్చి బల్ల మీద పెట్టాడు. అందులో ఆమె టూ-సెవెంటీ రైఫిల్‌కు సరిపోయే నికెల్ గుల్లలు రెండు వందలు ఉన్నాయి.

"ఇంకా ఎన్నాళ్ళు వదినా ఆ చిలుము గొట్టాలు రుద్దుకుంటా కూర్చుంటావు? చేతులు పచ్చగా అయిపోయినాయి, కప్పలాగా."

"కప్పనయితే నిన్ను ఈగ అనుకుని ఎప్పుడో మింగేదాన్ని" అంది ఇల్మా.

సంచి మాత్రం తిప్పి పంపలేదు. ఊరికే వచ్చిన వస్తువును పారేసే అలవాటు వాళ్ళ వంశంలో లేదు. డెల్‌ను అవమానించాలని ఆ వెండి గుల్లల్లో చిటికెడు మందు పోసి, తేలిక గుండ్లు బిగించింది. నేల ఉడుతలకీ కాఫీ డబ్బాలకీ అవి. కొండ మీద కూరకు అడవి కోడి దొరికితే, ఒళ్ళు చెదరకుండా తల మాత్రమే ఎగిరేలా కొట్టడానికీ అవే. ఆమె వాటికి పెట్టిన పేరు కోడి మందు. ఎప్పుడైనా ఒక నికెల్ గుల్ల మెడ చీలితే, దాన్ని పట్టుకెళ్ళి డెల్ ట్రక్కు అద్దం మీద, వైపరు కింద ఇరికించి వచ్చేది. తొమ్మిదేళ్ళలో నలభై దాకా ఇరికించింది. డెల్ అవన్నీ దాచుకున్నాడు. ఎందుకని అడిగితే, "వదిన ఇచ్చే ఉత్తరాలు అవే గదా" అనేవాడు. కానీ వాటిలో ఆమె ఏం మందు పోసేదో వాడు గానీ నేను గానీ ఎన్నడూ అడగలేదు, ఆమె చెప్పలేదు. ఆ నలభై ఉత్తరాల్లో ఒక్కటైనా సరిగ్గా చదివి ఉంటే ఈ కథ ఉండేది కాదు.

వెనక గట్టులో పోతు ఎల్క్‌ను కొట్టడానికి పర్మిట్ కావాలి. ఏటా డ్రా తీస్తారు, వేలమంది పేర్లు వేస్తారు, గుప్పెడు మందికి వస్తుంది. ఇల్మా ఇరవై మూడేళ్ళు వరసగా పేరు వేసింది. ఇరవై రెండు సార్లు రాలేదు. ప్రతిసారీ ఆ కాగితాన్ని పొయ్యిలో వేసి, పొయ్యిని కూడా తిట్టేది. ఇరవై మూడోసారి వచ్చింది. ఆ రోజు ఆమె నవ్వుతుందేమోనని చూడటానికి నేను వాళ్ళింటికి వెళ్ళాను.

"ఇప్పుడా ఇచ్చేది?" అని గట్టిగా అరిచింది కాగితం మీద. "మోకాళ్ళు పోయినాక! దొంగ సచ్చినోళ్ళు!"

ఒకసారి పర్మిట్ వస్తే, పోతు పడ్డా పడకపోయినా, మళ్ళీ ఏడేళ్ళ దాకా అడగడానికి లేదు. ఏడేళ్ళకు ఆ మోకాళ్ళు ఆ గట్టు ఎక్కవు. ఆ సంగతి ఆమెకు తెలుసు, మాకూ తెలుసు. ఉన్నది ఆ ఒక్క సీజన్, ఐదు వారాలు. నాలుగు వారాలు మంచు పడక, పోతులన్నీ పైకొండల్లోనే ఉండిపోయాయి. ఐదో వారం ఇల్మా, డెల్, నేను, బిషప్ అనే నా కంచరగాడిద కలిసి గట్టు కింద గుడారం వేశాం. డెల్‌ను ఆమె పిలవలేదు. పోతు పడితే మోయడానికి మనుషులు కావాలి గదా అని హెల్మి తోసి పంపింది.

శనివారం మధ్యాహ్నం వడగళ్ళూ వానా కలిసి కొట్టాయి. ఇల్మా తడిసి ముద్దయి గుడారంలోకి వచ్చి, తోలు బెల్టును పొయ్యి పక్కన మేకుకు తగిలించి, కట్టెలు తేవడానికి వెళ్ళింది. ఆ బెల్టుకు పది తొడుగులు, పదింటిలో పది ఇత్తడి తూటాలు. రోజూ సాయంత్రం ఒక్కోదాన్ని బయటికి తీసి నూనె గుడ్డతో తుడవడం ఆమె అలవాటు. ఆ వారం వేళ్ళు కొంకర్లు పోయి, మూడు రోజులుగా తుడవలేదు. తడి తోలులో ఇత్తడి ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

డెల్ వంగి చూశాడు. "అయ్యో, పచ్చడైపోయినాయి గదయ్యా! ఇవి తుపాకిలో ఇరుక్కుంటే ఇరవై మూడేళ్ళూ గంగలో కలిసినట్టే" అన్నాడు.

తర్వాత ఆమె సంచిలో ఉల్లిపాయ కోసం వెతుకుతుంటే వాడికి ఒక రేకు పెట్టె దొరికింది. మూత తీశాడు. లోపల తళతళా వెండి తూటాలు. వాడి మొహం ఎలా వెలిగిందో చెప్పలేను. చూసి తీరాల్సిందే.

"చూశావా ముసలాయనా! వదిన మారిపోయిందయ్యా! మనకి చెప్పుకోవటానికి మొహం చెల్లక దాచుకుంది!"

"మారిందంటావా?" అన్నాను.

"మారకపోతే వేటకి వెండి ఎందుకు తెచ్చుకుంటది? అడిగితే ఒప్పుకోదు. మనమే చేసి పెట్టాలి. ఇంట్లో పెద్దది గదా."

నేను ఆపలేదు. ఆ లోయలో పుట్టిన వాడెవడూ ఆపడు. వేటకు వెండి అంతే. డెల్ బెల్టులోంచి ఇత్తడి తూటాలు ఒక్కొక్కటీ లాగి, వాటి స్థానంలో వెండివి పెట్టాడు. తొమ్మిది వచ్చాయి. పదోది తోలుకు అతుక్కుని రాలేదు. వేళ్ళతో లాగాడు, గుడ్డ చుట్టి లాగాడు, బూతులు తిట్టాడు. చివరికి అది వెనక వైపు తొడుగే కదా, కనపడదులే అని వదిలేశాడు. ఆమె కట్టెలతో లోపలికి వచ్చేసరికి ఉల్లిపాయ కోస్తున్నాడు, చాలా మంచివాడిలా.

ఆదివారం సీజన్‌కు ఆఖరి రోజు. మంచు ధారగా పడుతోంది. ఇల్మా తెల్లవారకముందే బెల్టు కట్టుకుని, పైన వేటగాళ్ళు వేసుకునే నారింజ రంగు చొక్కా దిగలాగి, మమ్మల్ని గుడారం దగ్గరే కూర్చోమని ఒంటరిగా ఎక్కింది. గట్టు మొదట్లో రైఫిల్ నింపుకుంది. కళ్ళజోడు ఆవిరి పట్టి జేబులో ఉంది, చేతులకు ఉన్ని గ్లోవ్స్. నాలుగు తూటాలు తడుముకుని తీసి, తడుముకునే లోపలికి నొక్కింది. యాభై ఏళ్ళుగా చేస్తున్న పని. చూడాల్సిన అవసరమేముంది?

ఎనిమిది దాటాక, నూట ఎనభై గజాల అవతల, ఫర్ చెట్ల అంచున పోతు వచ్చి నిలబడింది. కొమ్ములు ఒక్కో పక్క ఆరు. కళ్ళజోడు తుడుచుకుని పెట్టుకుంది. దుంగ మీద రైఫిల్ ఆనించి, ఊపిరి బిగబట్టి నొక్కింది.

టప్.

సీసా బిరడా తీసినట్టు వినిపించింది. పోతు పొట్ట కింద, చాలా కింద, మంచు గుప్పెడు లేచింది. పోతు పారిపోలేదు. ఎవరు పిలిచారన్నట్టు తలెత్తి చూసింది.

ఇల్మా రైఫిల్ గడియ లాగింది. గుల్ల ఎగిరి పడింది. వెండి గుల్ల. మంచులో చిన్న చిల్లు పెట్టి మాయమైపోయింది.

కింద గుడారం దగ్గర ఆ టప్ విని డెల్, "కోడిని కొట్టినట్టుంది" అన్నాడు. అన్నాక వాడి నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది. కోడికి ఆమె ఏం వాడుతుందో, దేనిలో వాడుతుందో వాడి బుర్రలో అప్పుడే వెలిగింది. మొహం రంగు మారిపోయింది. వాడికిష్టమైన రంగే, వెండి.

పైన ఇల్మాకు అంతా అర్థమైంది. రైఫిల్‌లో మిగిలిన మూడూ కోడి మందే. ఎక్కువ ఎత్తుకు గురి పెడితే తగలొచ్చు. తగిలితే ఆ చిటికెడు మందుకు పోతు చావదు. పొట్టలో గుండుతో పారిపోయి, ఏ లోయలోనో మూడు రోజులు కుళ్ళి చస్తుంది. అది ఆమె చేయదు. చేయకపోతే ఇరవై మూడేళ్ళు ఆ చెట్ల వెనక్కి నడిచి వెళ్ళిపోతాయి. పోతు అప్పటికే తల తిప్పుకుంటోంది.

అప్పుడు తిట్టింది. వాళ్ళ తాతలు ఫిన్‌లాండ్ నుంచి పెట్టెలో పెట్టుకొచ్చిన తిట్టు.

"పెర్ర్ర్ర్ర్కెలే!"

ఆ 'ర' ఎంతసేపు దొర్లిందంటే, కింద బిషప్ చెవులు నిక్కబొడుచుకున్నాయి. పోతు ఆగింది. గుర్రుమంటూ ఇంకో పోతు తన మీదికి వస్తోందనుకుందో ఏమో, చెట్ల వైపు తిరిగింది కాస్తా ఇటు తిరిగి, నాలుగడుగులు ముందుకే వేసి, రొమ్ము విరుచుకుని నిలబడింది.

ఇల్మా చెయ్యి బెల్టు మీద పాకింది. జారుడు తూటా, జారుడు తూటా, అన్నీ జారుడువే. వీపు వైపు చిట్టచివర ఒకటి గరుకుగా తగిలింది. గ్లోవ్ పీకేసి లాగింది. రాలేదు. బెల్టు తిప్పి, నోటితో పట్టి పీకింది. ఒక పన్ను కదిలింది గానీ తూటా వచ్చింది. ఒళ్ళంతా పచ్చ చిలుము. చాకుతో గీకింది, ఉమ్మి చొక్కాకు రుద్దింది. మూడు వెండి తూటాలనూ మంచులోకి తోసేసి, దాన్ని అరలో పెట్టి గడియ నెట్టింది. సగంలో ఆగిపోయింది. డెల్ తొమ్మిదేళ్ళుగా చెబుతున్నట్టే, సరిగ్గా అక్కడే ఇరుక్కుంది. అరచేతి మొదలుతో ఒక్క గుద్దు గుద్దింది. గడియ పడింది.

ఈసారి శబ్దానికి కొండ కొండంతా పలికింది.

మేము బిషప్‌ను లాక్కుంటూ ఎక్కేసరికి ఆమె పోతు పక్కన నిలబడి ఉంది. పెదవుల చుట్టూ పచ్చగా చిలుము. రూలు ప్రకారం పర్మిట్ మీద ఆ రోజు తేదీని చాకుతో కోసి, కొమ్ముకు కట్టేసి ఉంది. రైఫిల్ దుంగకు ఆనించి ఉంది. పేలిన గుల్ల అరలోనే బిగుసుకుపోయి బయటికి రావడం లేదు.

డెల్ టోపీ తీశాడు. "వదినా..."

"వదిన చచ్చింది. ఎవడురా ముట్టుకుంది నా బెల్టు?"

"ఇరుక్కుంటదేమోనని... నీ మంచికే..."

"నా మంచి! ఆ కంపెనీ వాళ్ళు కూడా మా మంచికే పంపారు పళ్ళెం! పైన పూత పూసినోడల్లా నా మంచి కోరేవాడే! ఇరవై మూడేళ్ళురా! అడిగితే నీ సొమ్మేం పోయేది? ఒక్క మాట! వదినా, ఇవి ఏ మందువి అని ఒక్క మాట!"

"పెట్టెలో వెండివి కనపడితే ఎవడైనా అట్టాగే అనుకుంటాడు" అన్నాడు డెల్, నా వైపు చూస్తూ. నేను బిషప్ వైపు చూశాను.

"అయినా అది ఇరుక్కుందిగా వదినా" అన్నాడు ఆ వెర్రిబాగులవాడు, రైఫిల్ వైపు వేలు పెట్టి. "నేను చెప్పలా?"

ఆమె రక్తం నిండిన చాకు ఎత్తింది. పోతును కోయడానికే, కానీ డెల్ రెండడుగులు వెనక్కి వేశాడు.

"అది ఇరుక్కోబట్టేరా నీ చేతికి రాలేదు! నీ చేతికి రాకబట్టే నా చేతికి దొరికింది! వంగు. మోకాళ్ళ మీద కూర్చో. ఒకటి పేలింది, మూడు పేలనివి. నాలుగూ ఈ మంచులో ఉన్నాయి. నా గుల్ల కొండ మీద వదిలి నేను ఏనాడూ దిగలా. వెతుకు."

డెల్ వెతికాడు. తెల్లటి మంచులో తెల్లటి గుల్ల. మేమిద్దరం పోతును చీల్చి, తొడలు విడదీసి, బిషప్ మీద కట్టేదాకా వాడు నాలుగు కాళ్ళ మీద పాకుతూ, చేతులు ఎర్రబడి, ముక్కు కారుతూ తవ్వుతూనే ఉన్నాడు. ఆమె కోస్తూనే తిడుతోంది. నికెల్‌ను, డెల్‌ను, డెల్‌ను కన్నవాళ్ళను, డ్రా తీసినవాళ్ళను, ఎప్పుడో మూతపడ్డ గనిని, ఆ పళ్ళేన్ని. ఒక దశలో ఆమె తిట్టేది డెల్‌ను కాదని నాకు తెలిసింది. డెల్‌కూ తెలిసినట్టుంది. పేలని మూడూ దొరికాయి. పేలింది మాత్రం దొరకలేదు.

"ఇత్తడిదైతే ఆవగింజంత ఎండ తగిలినా మంచులో పసుప్పచ్చగా మెరిసేది" అంది ఇల్మా. "చూసుకో నీ వెండి ఘనత."

ఆమె ఊరుకునే మనిషా? జూన్‌లో మంచు కరగ్గానే డెల్‌ను మెడబట్టి మళ్ళీ ఆ గట్టు ఎక్కించింది. మోకాళ్ళు ఎక్కనివ్వవన్నది ఒట్టి మాట, కోపం ఎక్కించింది. నలభై అడుగుల దూరం నుంచే గడ్డిలో ఏదో తళుక్కుమంది. ఏడు నెలలు నీళ్ళలో నానినా చిన్న మచ్చ లేదు. డెల్ దాన్ని తీసి, చొక్కాకు తుడిచి, రెండు వేళ్ళతో పట్టుకున్నాడు.

"చూశావా వదినా, గడ్డిలో ఎంత చక్కగా కనపడిందో!"

ఆ గట్టు మీద నుంచి డెల్ దొర్లుకుంటూ దిగాడని చెప్పను. నడిచే దిగాడు, కాకపోతే చాలా వేగంగా. ఆ గుల్ల మెడ చూసుకుంటే సన్నగా చీలి ఉంది. సాయంత్రానికి అది వాడి ట్రక్కు వైపరు కింద ఉంది.

ఈ కథ రాసుకుని, నిజమో కాదో సరిచూసుకుందామని ఇల్మా వంటింటికి వెళ్ళాను. ఆమె చేతిమర దగ్గర కూర్చుని ఇత్తడి గుల్లలు తుడుస్తోంది. మొత్తం చదివి వినిపించాను. పెర్కెలే దగ్గర 'ర' తక్కువైందని ఒక్కసారి ఆపి సరిచేసింది. చదవడం అయ్యాక గుడ్డ బల్ల మీద పడేసింది.

"ఒక్క ముక్క నిజం లేదు. ఆ పోతు మొదటి తూటాకే పడింది. నా బెల్టుకి చిలుము ఏనాడూ పట్టలా. డెల్ ఆ ఏడు కొండకే రాలా, వాడికి నడుము నొప్పి. నికెల్ గుల్ల ఈ గడప తొక్కనే లేదు. నేను తిట్టను. ఇక లే, కాఫీ చల్లారిపోయింది, ముసలి సన్నాసి!"